వాడు మొద్దు కాదండీ!

"నోటితో అడిగితే అన్నీ చెబుతాడండీ. పుస్తకం చేతికిస్తేనే నీళ్లు నములుతాడు." స్కూలు వరండాలో తల్లులు చెప్పుకునే ఈ మాట మీరూ వినే ఉంటారు. వెంటనే ఎవరో ఒకరు "బద్ధకం! రెండు తగిలించండి, దారికొస్తాడు" అనడమూ మామూలే.

కొందరు పిల్లల్లో అది బద్ధకం కాదు, డిస్లెక్సియా. దానికీ తెలివితేటలకీ సంబంధం లేదు. చూపు లోపమూ కాదు (అయినా ముందుగా కళ్లూ చెవులూ పరీక్ష చేయించడం మంచిదే). చెవికి వినిపించే ధ్వనిని కంటికి కనిపించే అక్షరంతో ముడివేయడం దగ్గరే వాళ్లకి చిక్కు.

తెలుగులో రాసినట్టే చదువుతాం, అదొక సుఖం. కానీ అక్షరాల పోలికలు చూడండి. ద, ధ, థ. ప, ఫ, ష. మ, య. చిన్న చుక్కో, కొమ్మో తేడా! ఇక 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో స, కింద త వత్తు, ర వత్తు, పైన గుడిదీర్ఘం. పసివాడు ఎటునుంచి మొదలెట్టాలి? దానికి తోడు కొన్ని పుస్తకాల్లో పై వరస వత్తులు కింది వరస గుళ్లకి తగులుతుంటాయి. కాగితం ఆదా చేశారు కాబోలు!

అందుకే ఇంట్లో పాఠాన్ని పెద్ద అక్షరాలతో, వరసకీ వరసకీ బాగా ఎడం ఇచ్చి రాసిపెట్టండి. 2012లో ఇటలీ, ఫ్రాన్స్ పిల్లలపై చేసిన పరిశోధనలో, అక్షరాల మధ్య ఎడం పెంచితేనే డిస్లెక్సియా ఉన్నవాళ్లు తప్పులు తగ్గించుకుని, త్వరగా చదివారని తేలింది. చదివే వరస కింద స్కేలు పెట్టండి. సాంఘికశాస్త్రం లాంటివి మీరు చదివి వినిపించండి, లేదా ఫోనులో రికార్డు చేసివ్వండి. చదవడం రాలేదని చరిత్ర కూడా పోగొట్టుకోవాలా? వత్తులు మాత్రం విడిగా, రోజుకొకటి చాలు. పదిమందిలో పైకి చదవమని నిలబెట్టొద్దని టీచరుగారిని మెల్లగా అడగండి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందినీ చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో అదనపు సమయమిస్తారు, అవసరమైతే రాసిపెట్టే మనిషినీ అనుమతిస్తారు. "సర్టిఫికెట్ తీసుకుంటే రేపు పెళ్లికి అడ్డం" అంటారు కొందరు పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. పదో తరగతి పరీక్ష పెళ్లి కంటే ముందొస్తుంది కదండీ!