పాత కరెంటు బిల్లు, కొత్త అద్దె ఇల్లు

హైదరాబాదులో నేను మొదట అద్దెకున్న గది విద్యానగర్‌లో. టు-లెట్ బోర్డు చూసి గేటు తట్టాను. ఇంటావిడ తలుపు సగం తెరిచి "ఏ ఊరు బాబూ? ఎక్కడ పని? పెళ్ళయిందా? మాంసం వండుతారా?" అని నాలుగు ప్రశ్నలు అడిగింది. జవాబులు నచ్చినట్టున్నాయి, సాయంత్రానికి తాళంచెవి చేతిలో పెట్టింది. ఆ నాలుగు ప్రశ్నలే మన దేశపు క్రెడిట్ చెక్ అని నాకప్పుడు తెలియదు.

తెలిసింది 2019 జనవరిలో, వెల్లింగ్టన్‌లో. ఆక్లండ్‌లో నాలుగేళ్ళున్నాక ఉద్యోగం మారి ఇక్కడికి వచ్చాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ళ అమ్మాయి మోటెల్ గదిలో దిగాం. బడులు తెరిచే రోజులు దగ్గర పడుతున్నాయి. ఇక్కడ చాలా బడులకు జోన్ ఉంటుంది. ఆ హద్దు లోపల ఇంటి చిరునామా చూపిస్తే సీటు ఖాయం, లేకపోతే మిగిలిన సీట్లకు చీటీలు తీస్తారు. అంటే ఇల్లు దొరికితేనే బడి. పైగా ఫిబ్రవరి అంటే యూనివర్సిటీ పిల్లలు ఊళ్ళోకి దిగే నెల. ఊరేమో కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. శనివారం ఇల్లు చూపిస్తామంటే వెళ్ళాం. వాకిట్లో మన పెళ్ళి పందిరి ముందున్నట్టు చెప్పుల కుప్ప!

మూడు ఇళ్ళకు దరఖాస్తు పెట్టాం. మూడూ పోయాయి. మూడో చోట ఇళ్ళ వ్యవహారం చూసే అమ్మాయి మంచి మనిషి, ఫోను చేసి కారణం చెప్పింది. "మీ క్రెడిట్ రిపోర్టులో డిఫాల్ట్ ఉందండీ." నాకు నవ్వొచ్చింది. క్రెడిట్ కార్డు బిల్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యని వాణ్ణి. వేరే ఎవరిదో అయుంటుందని రిపోర్టు తెప్పించుకున్నాను. నాదే. 184 డాలర్లు. ఆక్లండ్ ఇల్లు ఖాళీ చేసినప్పటి ఆఖరి కరెంటు బిల్లు. మేం వచ్చేశాక మీటరు చూసి, బిల్లు పాత ఇంటికి పంపారు. ఈమెయిలేమో నేను మానేసిన ఆఫీసుది. ఉత్తరాలన్నీ ఎవరూ లేని ఇంటికి వెళ్ళి, చివరికి వసూళ్ళ ఏజెన్సీకి చేరింది బాకీ. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, మా ఆవిడకు రెండు నిమిషాలు పట్టింది.

ఈ రిపోర్టు సంగతి కొంచెం చెప్పాలి. న్యూజీలాండ్‌లో ఇవి తయారుచేసే పెద్ద సంస్థలు మూడు. సెంట్రిక్స్, ఈక్విఫాక్స్, 2024లో ఎక్స్‌పీరియన్ కొనుక్కున్న ఇలియన్. స్కోరు సాధారణంగా వెయ్యికి ఇస్తారు. మూడు చోట్లా ఒకే అంకె రావాలని లేదు, ఎందుకంటే ఎవరికి అందిన సమాచారం వారిది. 2012 వరకు ఇక్కడి రిపోర్టుల్లో ప్రధానంగా ఎగ్గొట్టిన బాకీల్లాంటి చెడ్డ కబుర్లే ఉండేవి. ఆ తర్వాతే నెలనెలా సక్రమంగా కట్టిన సంగతి కూడా ఎక్కడం మొదలైంది. కరెంటు, పోస్ట్‌పెయిడ్ ఫోను కూడా ఇందులోకి వస్తాయి. ముందు వాడుకుని తర్వాత డబ్బు కట్టేదేదైనా వీళ్ళ లెక్కలో అప్పే. డిఫాల్ట్ ఒకసారి ఎక్కితే ఐదేళ్ళు ఉంటుంది. నేను ఆ రోజే 184 డాలర్లూ కట్టేశాను. కట్టినట్టు పక్కన రాశారు గాని, గీత చెరిగిపోలేదు. పొరపాటున ఎక్కినదైతే దిద్దమని అడిగే హక్కు మనకుంది. వినకపోతే ప్రైవసీ కమిషనర్ దాకా వెళ్ళవచ్చు. ఎవరి రిపోర్టు వాళ్ళకు ఉచితంగా ఇవ్వాలని నియమం కూడా ఉంది. ఇల్లు వెతకడం మొదలుపెట్టక ముందే మూడు చోట్లా అడిగి తెప్పించుకోండి. నేను మూడు ఇళ్ళు పోగొట్టుకున్నాక అడిగాను.

కొత్తగా వచ్చిన వాళ్ళ బాధ వేరు. మీ సిబిల్ స్కోరు ఎంత గొప్పదైనా హైదరాబాదు విమానాశ్రయంలోనే ఆగిపోతుంది. ఇక్కడ మీ పేరు మీద ఖాళీ కాగితం ఉంటుంది. చూసేవాళ్ళకు ఖాళీ కాగితానికీ చెడ్డ కాగితానికీ పెద్ద తేడా కనబడదు. అందులో మన పేర్లొకటి! బ్యాంకులో ఇంటిపేరు ముందు, కరెంటు ఖాతాలో వెనక, డ్రైవింగ్ లైసెన్సులో తండ్రిగారి పేరు కూడా కలిసి. ఒకే మనిషి ముగ్గురుగా చీలిపోతాడు, చేసిన మంచంతా ఒకచోట చేరదు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే అన్నిచోట్లా రాయించుకోండి. ఇంట్లో కరెంటు, ఇంటర్నెట్ రెండూ భర్త పేరుమీదే పెట్టకుండా ఒకటి భార్య పేరున పెడితే ఆవిడకూ ఒక చరిత్ర మొదలవుతుంది.

స్కోరు తక్కువని తెలియగానే నాకు తోచింది మన పద్ధతే. "ఆరు నెలల అద్దె ముందే ఇచ్చేస్తానండీ" అన్నాను ఆ ఫోను చేసిన అమ్మాయితో. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి వచ్చిన వాణ్ణి మరి. ఆవిడ కంగారుపడి "వద్దండీ, మేం అడక్కూడదు" అంది. 1986 నాటి అద్దె ఇళ్ళ చట్టం ప్రకారం మామూలు బాండ్ నాలుగు వారాల అద్దెకు మించకూడదు. ముందస్తు అద్దె రెండు వారాలకు మించి కోరకూడదు. ఆ బాండ్ కూడా ఇంటివాళ్ళ జేబులో ఉండదు. 23 పనిదినాల్లోగా ప్రభుత్వపు టెనెన్సీ సర్వీసెస్‌లో జమ చెయ్యాలి. 2018 డిసెంబరు నుంచి ఇల్లు ఇప్పించినందుకు ఫీజు తీసుకోకూడదు. 2021 ఫిబ్రవరి నుంచి ప్రకటించిన అద్దెకన్నా ఎక్కువ ఇమ్మని పాడుకోనివ్వకూడదు. స్కోరు తక్కువ గనుక ఇంకొంచెం బాండ్ ఇమ్మని ఎవరైనా అంటే మొహమాటపడి ఇవ్వకండి. ఇంకా ఊళ్ళోకి రాకుండా, తెలిసినవాళ్ళెవరూ ఇల్లు చూడకుండా డబ్బు పంపమంటే అసలే పంపకండి.

మరి డబ్బుతో కొనలేని నమ్మకం దేనితో వస్తుంది? ఒక పేజీ ఉత్తరం రాశాను. మొదటి వాక్యంలోనే డిఫాల్ట్ సంగతి చెప్పేశాను. వాళ్ళు కనిపెట్టేదాకా దాచడం కన్నా అదే నయమనిపించింది. కట్టిన రసీదు, ఆఫీసు ఉత్తరం, నాలుగేళ్ళ అద్దె చెల్లింపుల జాబితా జతచేశాను. బ్యాంకు స్టేట్‌మెంటు మొత్తం ఇవ్వలేదు, అద్దె వరసలు మాత్రమే తీసి ఇచ్చాను. మనం ఎక్కడ బియ్యం కొన్నామో వాళ్ళకెందుకు? 2021లో ప్రైవసీ కమిషనర్ ఆఫీసు ఇచ్చిన సూచనల్లో కూడా ఖర్చుల వివరాలు అడగడం దాదాపు ఎప్పుడూ సమంజసం కాదనే ఉంది. క్రెడిట్ చెక్ కూడా వచ్చినవాళ్ళందరికీ చెయ్యకుండా, ఇల్లు ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో వాళ్ళకే చెయ్యాలంది.

నాలుగో ఇల్లు న్యూలాండ్స్‌లో. ఏజెంటు లేడు, ముసలాయన తనే చూసుకుంటున్నాడు. ఉత్తరం నిలబడే చదివి, ఆక్లండ్ ఇంటావిడకు మా ఎదుటే ఫోను చేశాడు. ఆవిడ ఏం చెప్పిందో తర్వాత ఆయనే చెప్పాడు. "వాళ్ళు వెళ్ళాక ఓవెన్ నేను కడుక్కోవాల్సిన పని పడలేదు" అందట. ఓవెన్ కడిగింది మా ఆవిడ. ఆ రోజు నేను విసుక్కున్నాను కూడా. వారానికి 550 డాలర్లు అద్దె, 2200 బాండ్, రెండు వారాలకు 1100, మొత్తం 3300 కట్టి లోపలికి వెళ్ళాం. అమ్మాయి బడి రెండో వారంలో చేరింది.

కుర్రవాళ్ళకు ఒక్క మాట. నలుగురు కలిసి ఒకే ఒప్పందం మీద సంతకం పెడితే నలుగురిదీ నాలుగో వంతు బాధ్యత అనుకోకండి. ఒకడు చెప్పకుండా ఇండియా వెళ్ళిపోతే అతని వాటా కూడా మిగతావాళ్ళదే, ఇంటివాళ్ళు ఎవరినైనా మొత్తం అడగవచ్చు. టెనెన్సీ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఉత్తర్వు వస్తే, తర్వాత ఇల్లు ఇచ్చేవాళ్ళు ఆ పేరు వెతికి చూస్తారు. అలాగని సంతకం పెట్టకుండా ఒకరి కింద ఫ్లాట్‌మేట్‌గా ఉంటే ఆ చట్టపు రక్షణ మీకు రాదు. ఎటు ఉండాలో స్నేహం చూసి కాదు, కాగితం చదివి తేల్చుకోండి.

2022లో న్యూలాండ్స్ ఇల్లు ఖాళీ చేశాం. అట్టపెట్టెలు సర్దకముందే మా ఆవిడ నన్ను ఫోను దగ్గర కూర్చోబెట్టింది. కరెంటు కంపెనీకి కొత్త చిరునామా, నా సొంత ఈమెయిలు చెప్పి, ఆఖరి బిల్లు ఎప్పుడొస్తుందో తేదీ రాసుకుని లేచాను. 61 డాలర్లు వచ్చింది. కట్టిన రసీదు ఇప్పటికీ ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది.