నీటిని గెలిచిన తెడ్డు

పరుగు పందెంలోనో, ఈత పందెంలోనో 42 ఏళ్ల వయసువారు ఒలింపిక్ స్వర్ణ పతకం గెలిచారంటే మీరు నమ్ముతారా? కయాక్ పందెంలో ఒకామె గెలిచింది. ఆమె పేరు బిర్గిట్ ఫిషర్. అదెలా సాధ్యమైందో చూద్దాం.

కయాక్ అంటే సన్నని, పొడవాటి, తేలికైన పడవ. ఉత్తర ధ్రువ ప్రాంతంలోని ఇన్యూట్ ప్రజలు సీల్ జంతువులను వేటాడడానికి దీనిని వాడేవారు. ఒక్కరే నడిపే పందెపు కయాక్ పొడవు 5.2 మీటర్లు. నడిపేవారు ముందుకు చూస్తూ కూర్చుని, రెండు చివరలా రేకులున్న తెడ్డును కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేస్తారు. తెడ్డు నీటిని వెనక్కి నెడుతుంది. నీరు తెడ్డును, దానితోపాటు పడవను ముందుకు నెడుతుంది. ఇది న్యూటన్ మూడవ సూత్రమే.

అలాగైతే కండబలం ఎక్కువ ఉన్నవారే గెలవాలి కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఉంది చిక్కు. పడవ వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. ఆ నిరోధాన్ని రెట్టింపు వేగంతో దాటాలి కనుక, కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లు! మరో విధంగా చెప్పాలంటే, సామర్థ్యం 10 శాతం పెంచితే వేగం పెరిగేది సుమారు 3 శాతమే. ఇక పడవ ఊగినా, తెడ్డు సరిగా పడకపోయినా ఆ కాస్త లాభమూ నీటిపాలే. అందుకే ఈ పందెంలో బలంతోపాటు, ఉన్న బలాన్ని వృథా కానివ్వని నేర్పు కూడా కావాలి. వయసుతో బలం తగ్గవచ్చు గాని, సాధన మానకపోతే నేర్పు ఎక్కడికీ పోదు.

బిర్గిట్ 1962లో తూర్పు జర్మనీలో పుట్టింది. 1980లో మాస్కోలో, 18 ఏళ్లకే, 500 మీటర్ల ఒంటరి పందెంలో స్వర్ణం గెలిచింది. 1984 ఒలింపిక్స్‌ను ఆమె దేశం బహిష్కరించడంతో ఆ అవకాశం పోయింది. అయినా ఆమె తెడ్డు వదలలేదు. తల్లి అయిన తర్వాత 1988లో సియోల్‌లో రెండు స్వర్ణాలు తెచ్చుకుంది. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లలోనూ స్వర్ణం అందుకుంది. ఆ తర్వాత పందేలు మానుకుని, మళ్లీ వచ్చి 2004లో ఏథెన్స్‌లో నలుగురి కయాక్ ఎక్కింది.

నలుగురి కయాక్‌లో బలం నాలుగింతలు. నిరోధం మాత్రం అంత పెరగదు. అందుకే అది ఒంటరి పడవకన్నా వేగంగా పోతుంది. అయితే నాలుగు తెడ్లూ ఒక్కసారే నీటిలో పడాలి. ఆనాడు అలాగే పడ్డాయి. జర్మన్ పడవ హంగరీ పడవను సెకనులో ఐదోవంతుకన్నా తక్కువ తేడాతో ఓడించింది! దానితో బిర్గిట్ ఒలింపిక్ స్వర్ణాలు 8 అయ్యాయి. వాటికి తోడు 4 రజతాలు.

ఈసారి నీళ్ల తొట్టి దగ్గరకు వెళ్లినప్పుడు అరచేతిని నిలువుగా ముంచి, ముందు మెల్లగా, తర్వాత వేగంగా కదిపి చూడండి. బిర్గిట్ ఎవరితో పోటీపడిందో మీ చేతికే తెలుస్తుంది.