పరివర్తన లోహ సంశ్లిష్ట ఉత్ప్రేరకాలు

పరివర్తన లోహ పరమాణువు లేదా అయాను చుట్టూ లైగాండ్లు సమన్వయ బంధాలతో చేరగా ఏర్పడే సమ్మేళనాలను సంశ్లిష్టాలు అంటారు. రోడియం, పల్లాడియం, రుథేనియం, నికెల్ వంటి లోహాల సంశ్లిష్టాలు అనేక కర్బన రసాయన చర్యలకు ఉత్ప్రేరకాలుగా ఉపయోగపడతాయి. మందులు, ప్లాస్టిక్కులు, ఎసిటిక్ ఆమ్లం తయారీలో వీటి పాత్ర ముఖ్యమైనది.

పనిచేసే విధానం

ఈ లోహాలు తమ ఆక్సీకరణ స్థితిని సులభంగా మార్చుకోగలవు. ఇందుకు విల్కిన్‌సన్ ఉత్ప్రేరకం మంచి ఉదాహరణ. ఇందులో రోడియంకు ఒక క్లోరిన్, మూడు ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ లైగాండ్లు ఉంటాయి. ఒక ఫాస్ఫీన్ విడిపోగానే ఖాళీ ఏర్పడుతుంది. హైడ్రోజన్ అణువు చీలి లోహానికి బంధింపబడుతుంది. రోడియం ఆక్సీకరణ స్థితి +1 నుండి +3కు చేరుతుంది. తరువాత ఆల్కీన్ వచ్చి చేరి, హైడ్రోజన్‌ను గ్రహించి ఆల్కేనుగా విడుదలవుతుంది. రోడియం తిరిగి +1 స్థితికి వచ్చి, మరో అణువుతో ఇదే చక్రాన్ని మొదలుపెడుతుంది.

లైగాండును మార్చితే చర్యావేగమూ, ఏర్పడే పదార్థమూ మారవచ్చు. కుడి ఎడమ చేతుల వలె ప్రతిబింబాలైన రెండు అణురూపాలలో ఒకదానినే ప్రధానంగా పొందడం ఇలాగే సాధ్యమైంది. పార్కిన్‌సన్ వ్యాధికి వాడే ఎల్-డోపాను విలియం నోల్స్ ఈ పద్ధతిలో తయారుచేశాడు. ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. పల్లాడియంతో కర్బన పరమాణువులను జతచేసే చర్యలకు హెక్, నెగిషి, సుజుకీలు 2010లో ఆ బహుమతిని పంచుకున్నారు.

సమస్యలు

ద్రావణంలో కరిగి ఉండే సంశ్లిష్టాన్ని చర్య ముగిశాక వేరుచేయడం కష్టం. ఖరీదైన లోహం నష్టపోవడమే గాక, మందులో దాని అవశేషం మిగిలే ప్రమాదమున్నది. నోటి ద్వారా తీసుకునే మందులలో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదని ఐసీహెచ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

హైదరాబాదులో పరిశోధన

ఈ సమస్యపై తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) పరిశోధనలు జరిపింది. ఈ సంస్థ 1944లో హైదరాబాదు సంస్థానంలో ప్రారంభమైంది. ఇక్కడి శాస్త్రవేత్తలు బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం, వారి సహచరులు మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడు పొరలలోకి టెట్రాక్లోరోపల్లాడేట్ అయాన్లను ప్రవేశపెట్టి, వాటిని క్షయకరించి నానో పల్లాడియంగా మార్చారు. ఇక్కడ ఫాస్ఫీన్ లైగాండ్ల అవసరం లేదు; క్షార స్వభావం గల ఆ పొరలే పల్లాడియంకు ఎలక్ట్రాన్ సాంద్రతను సమకూరుస్తాయి. బ్రోమైడ్లు, అయోడైడ్ల కన్నా చౌకైనవైనా, కార్బన్-క్లోరిన్ బంధం బలం వలన త్వరగా చర్య జరపని ఆరైల్ క్లోరైడ్లతో కూడా ఇది హెక్, సుజుకీ చర్యలను జరిపించింది. ఘనపదార్థం కావడంతో దీనిని వడపోసి మరల వాడవచ్చు. ఈ ఫలితాలు 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ప్రచురితమయ్యాయి.