దారి తప్పిన ద్వారపాలకుడు

కణం కోట వంటిది. దాని పొరపై నిలిచిన గ్రాహకాలు ద్వారపాలకులు. వెలుపలి సంకేతం అందినప్పుడే అవి ‘పెరుగు’మని లోపలికి ఆజ్ఞ చేరవేస్తాయి. జన్యువులో ఉత్పరివర్తనం సంభవిస్తే గ్రాహకం సంకేతం లేకుండానే నిరంతరం ఆజ్ఞాపిస్తుంది. కణాలు అదుపు తప్పి క్యాన్సరు పుడుతుంది.

కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే గ్రాహకానికి కలిగే దోషం ఇటువంటిదే. ఆ దోషం కణం లోపలి భాగంలో ఉంటుంది. ప్రతిరక్షకమనే పెద్ద ప్రోటీన్ అక్కడికి చొరలేదు. కనుక శాస్త్రజ్ఞులు గ్రాహకాన్ని వెలుపలి నుండే పట్టే రెండు చేతుల ప్రతిరక్షకాన్ని రూపొందించారు. ఒక చేయి ఇ.జి.ఎఫ్.ఆర్.ను, రెండవది మెట్ అనే మరో గ్రాహకాన్ని బంధిస్తుంది. అమివాంటమాబ్ అనే ఈ ఔషధాన్ని 2021లో అమెరికా అనుమతించింది.

అయితే కణితికి జన్యుపరీక్ష జరిపితేనే ఇది ఎవరికి తగునో తెలుస్తుంది. వికారాబాదు, తాండూరు వంటి పట్టణాల రోగులకు ఆ పరీక్ష సకాలంలో అందిన నాడే ఈ విజ్ఞానం సార్థకమవుతుంది.