జ్ఞాకారమును ఉమ్మడి గ్రంథాలయమును

ముప్పదియేండ్లకు పైగా బాలురచే “జ్ఞానము” అని దిద్దించినవాడను. 2018 ఫిబ్రవరిలో ఆ జ్ఞాకారమే ఆపిల్ వారి ఐఫోనులను స్తంభింపజేసినదని విని నివ్వెరపోయితిని. సందేశములో అది వచ్చిన చాలును, సందేశమును తెరచిన ఆప్ మూతపడెడిది. మరల తెరచినను అంతే. “తాతగారూ, ఆ మాట మాత్రము పంపవద్దు” అని మా మనుమడు నన్ను వారించెను. తెలుగక్షరమే అపాయకరమన్నట్లు కొందరు వ్రాసిరి కూడ. దోషము అక్షరమున లేదు. ఎందున్నదో మనవి చేసెదను.

ఫోనులోని ఆప్‌లు అక్షరములు గీయు విద్యను తమలో మోయవు. మన డెల్టాలో ప్రతి చేనికిని వేరు నూయి లేదు గదా. ధవళేశ్వరము నీరే కాలువలనుండి బోదెల వెంట అందరికిని పారును. అటులే ఆ విద్య యంతయు నొక ఉమ్మడి గ్రంథాలయమున నుండును. ఇంజనీర్లు దానిని షేర్డ్ లైబ్రరీ అందురు. ఐఫోనున దాని పేరు కోర్‌టెక్స్ట్. ఆప్‌ను కూర్చు నిర్మాణవ్యవస్థ ఆ గ్రంథాలయమును అందు చేర్చక, కావలసిన పనుల పేర్లు మాత్రము వ్రాసియుంచును. పేరునకును పనికిని ముడిపడుట ఆప్ నడచునప్పుడే.

ఇచట చిక్కున్నది. ఫోనును నడుపు మూలవ్యవస్థకు ఏటేట క్రొత్త సంచిక వచ్చును. క్రొత్తదానిలో చేరిన పని పాతదానిలో నుండదు. పిలిచిన పలుకువారుండరు, ఆప్ ఆదిలోనే నిలిచిపోవును. కావున ఏ సంచిక మొదలు నడువవలెనో నిర్మాతలు ముందే తెలుపుదురు. అటుపిమ్మట వచ్చిన పనులకు నిర్మాణవ్యవస్థ గట్టిముడి వేయక వదులుముడి వేయును. పని లేనిచో ఆప్ చూచుకొని వేరుదారి పట్టవలెను. పాత పేర్లను నిలుపుట గ్రంథాలయము వారి ధర్మము. 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్టకు బదులు 1970 తరువాత బరాజు కట్టినను, మన కాలువలు పూర్వపు మార్గముననే పారుచున్నవి గదా!

ఇక జ్ఞాకారము. జకారమునకు ఞవత్తు నిచ్చి, దానికిని దీర్ఘమునకును నడుమ కంటికి కనబడని విభాజకచిహ్నము నుంచినప్పుడే ఆపద. మామూలు జ్ఞానము నిరపాయము. వంగ, దేవనాగరి లిపులలోని అట్టి కూర్పులకును ఇదే గతి పట్టినది. లోపము కోర్‌టెక్స్టులోనిది, అందుచేతనే వాట్సాప్ మొదలుగా గల ఆప్‌లు పెక్కు ఒకే దెబ్బకు కూలినవి. ఫిబ్రవరి 19న ఆపిల్ వారు 11.2.6 సంచికలో ఆ గ్రంథాలయమును సరిదిద్దిరి. ఆప్‌లలో నొక్కదానినైనను మరల నిర్మింపవలసిన పని లేకపోయెను.

మనుమడు ఆ సంచికను ఎక్కించుకొన్ననాడు “జ్ఞానము” అని వానికి నేనే పంపితిని.