నోరులేని ముసలితనం

ఇంట్లో తాతకి ఒంట్లో బాగాలేకపోతే ‘మోకాళ్ళు లాగుతున్నాయిరా’ అని చెప్పుకుంటాడు. ఎద్దు చెప్పుకోలేదు. పదేళ్ళు కాడి మోసిన ఎద్దు మేత తగ్గిస్తే ‘ముసలిదైపోయింది, ఇంకేముంది!’ అని సరిపెట్టుకోవడం మా పల్లెల్లో మామూలు. నేను రైతు కుటుంబంలో పుట్టి జంతుశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. ముసలితనం వేరు, జబ్బు వేరు అని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పళ్ళ సంగతి. పశువుకు పైదవడ ముందుభాగంలో పళ్ళుండవు. కింద ఎనిమిది ఉంటాయి. సుమారు రెండేళ్ళకు మొదటి జత పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వస్తాయి. దాదాపు అయిదేళ్ళకు ఎనిమిదీ పూర్తవుతాయి. సంతలో బేరగాళ్ళు నోరు తెరిచి చూసేది అందుకే. ఆ తరవాత అరుగుదలే. దవడపళ్ళు అరిగిన ఎద్దు గడ్డిని సగం నమిలి ఉండలుగా జారవిడుస్తుంది. పేడలో పొడుగాటి పోచలు కనిపిస్తాయి. దానికి ఆకలి చచ్చిందనుకోకూడదు. గడ్డి సన్నగా నరికి, తడిపి, కాస్త తవుడు కలిపితే తింటుంది. జాలిపడి ఒక్కసారిగా అన్నమో జొన్నలో కుమ్మరిస్తే మాత్రం పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణంమీదికి వస్తుంది.

రెండోది, లేచే తీరు. పశువు మామూలుగా వెనకభాగం ముందు ఎత్తి లేస్తుంది. అలా లేవలేక ముందుకాళ్ళమీద తంటాలు పడుతోందంటే నడుములోనో వెనకకాళ్ళలోనో నొప్పి ఉందేమోనని చూడాలి. పనిలేక గిట్టలు పెరిగినా కుంటుతుంది; వాటిని చెక్కించాలి.

మూడోది కొమ్ము. మనదేశపు ఎద్దుల్లో కొమ్ముకు కాన్సరు రావడం తెలిసిన విషయమే. మాటిమాటికీ తల విదిలించడం, కొమ్మును గుంజకేసి రాయడం, కొమ్ము ఒకవైపు వాలడం, ఒక ముక్కులోంచే రక్తం కారడం దాని గుర్తులు. ముదరకముందే ఆపరేషన్ చేసి కొమ్ము తీయిస్తే బతికే అవకాశముంది.

నెమరు ఆగినా, మూతి ఎండినా థర్మామీటరు పెట్టి చూడండి. ఎద్దుకు 101.5 డిగ్రీల ఫారన్‌హీటు దాకా ఉండడం సహజమే. మన లెక్కన జ్వరమని కంగారుపడక్కర్లేదు. 103 దాటితే డాక్టరుగారిని పిలవాలి.

నొప్పులకు తోచిన మాత్ర వేయడం మంచిది కాదు. డైక్లోఫెనాక్ వేసిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చస్తున్నాయని 2004లో శాస్త్రజ్ఞులు తేల్చారు. 2006లో మన ప్రభుత్వం పశువులకు ఆ మందు నిషేధించింది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. మోతాదు డాక్టరే చెప్పాలి.

పనికిరాని ఎద్దును ఇంకా మేపడమా, సంతకు తోలడమా? ఈ చర్చ మా ఇంట్లోనూ నడుస్తోంది. గడ్డి ధర చూస్తే మా నాన్నగారి లెక్క తప్పని నేననలేను. అయితే పళ్ళరుగుదలకో గిట్టలనొప్పికో ‘ముసలితనం’ అని పేరుపెట్టి తోలేయడం మాత్రం అన్యాయం. సెలవులకు ఊరెళ్ళే మిత్రులు ఒక్కసారి కొట్టంలోకి వెళ్ళి, దాని నోరూ, గిట్టలూ, కొమ్ములూ చూసి రండి. చదువుకున్నవాళ్ళం ఆ మాత్రం చేయలేమా?