అలర్ట్ ఎందుకు రాలేదో ఫోన్‌నే అడగండి

1989 నవంబరులో ‘గే’ తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు జిల్లాలో ఎవరి చేతిలోనూ సెల్‌ఫోన్ లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటే నాటికి మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా ఇంటింటా ఫోన్లే. అయినా ఒక్కోసారి పక్కింటి ఫోన్ మోగుతుంది, మనది మోగదు. ఎందుకు?

సెల్ టవర్ నేరుగా పంపే అత్యవసర హెచ్చరికకు యాప్‌తో పని లేదు. వాతావరణ యాప్ నోటిఫికేషన్ సంగతి వేరు. ఆ యాప్ క్రాష్ అయినా, బ్యాటరీ మిగులుద్దామని ఫోనే దాన్ని చంపేసినా, మనకు చడీచప్పుడూ ఉండదు.

కానీ ఆండ్రాయిడ్ అన్నీ రాసుకుంటూనే ఉంటుంది. ఆ చిట్టా చూపించే కమాండే లాగ్‌క్యాట్. కంప్యూటర్లో గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్ వేసుకోవాలి. ఫోన్‌లో ‘అబౌట్ ఫోన్’లోకి పోయి బిల్డ్ నంబర్‌ని ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ఏడీబీ లాగ్‌క్యాట్ అని కొట్టగానే తెర మీద లైన్లు పరుగెడతాయి. రచ్చబండ దగ్గర ఊరంతా ఒకేసారి మాట్లాడినట్టే, ఒక్క ముక్కా అర్థం కాదు!

అసలు కిటుకు ఏరుకోవడంలో ఉంది. ప్రతి లైనుకీ ఒక ట్యాగ్, ఒక స్థాయి ఉంటాయి. ఇన్ఫోకి ఐ, వార్నింగ్‌కి డబ్ల్యూ, ఎర్రర్‌కి ఈ. ట్యాగ్ పేరు, కోలన్, స్థాయి అక్షరం రాస్తే ఆ స్థాయీ, అంతకన్నా తీవ్రమైనవీ వస్తాయి. మనకు రెండు ట్యాగులు చాలు. ‘ఆండ్రాయిడ్‌రన్‌టైమ్’ ఈ స్థాయిలో పెడితే క్రాష్‌లు దొరుకుతాయి. ‘యాక్టివిటీమేనేజర్’ ఐ స్థాయిలో పెడితే, చాలా ఫోన్లలో ‘కిల్లింగ్’ అంటూ ఏ యాప్‌ని ఆపేసిందీ కారణంతో సహా కనిపిస్తుంది. చివర నక్షత్రం, కోలన్, పెద్ద ఎస్ పెట్టడం మరవకండి. మిగతా గోలంతా నోరు మూసుకుంటుంది.

‘కిల్లింగ్’ లైన్లో మీ వాతావరణ యాప్ పేరుందా? బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ని ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. క్రాష్ అయితే మన చేతిలో లేదు. అప్‌డేట్ చేసి చూడండి, కుదరకపోతే ఆ లైన్లు యాప్ తయారీదారులకు పంపండి.

ఒక తిరకాసుంది. ఈ చిట్టాకి చోటు కొంచెమే. నిండగానే పాతవి చెరిగిపోతాయి. రాత్రి రాని అలర్ట్ కోసం తెల్లారి వెతికితే ఏమీ మిగలదు. అందుకే ముందే ఫైల్‌లోకి ఎక్కించి వదిలేయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో పడవలు ఒడ్డునే ఉంటాయి కదా, నాన్న ఫోన్ కాసేపు దొరుకుతుంది. తుపాన్ల కాలం రాకముందే చూసి పెట్టండి. (సిగ్నలే అందనంత లోపలికి పోతే ఈ విద్య పనికిరాదు. అక్కడ వీహెచ్ఎఫ్ సెట్టే దిక్కు.)

చిట్టా మొత్తం తీసి వాట్సాప్ గ్రూపులో పడేయకండి. అందులో మీ వ్యక్తిగత వివరాలూ ఉండొచ్చు. ఏరిన నాలుగు లైన్లే పంపండి. పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేయండి.